చుక్క చూసుకో

సుధాకరరావుతో వచ్చిన చిక్కేమిటంటే, ఇంట్లో వస్తువుల్ని అడిగినవాళ్ళకల్లా అరువిచ్చేస్తాడు. గ్రైండరు ఇచ్చాడు. మడత కుర్చీలు ఇచ్చాడు. ఇడ్లీ పాత్ర ఇచ్చి రెండేళ్ళయింది, ఎవరికిచ్చాడో ఆయనకే గుర్తులేదు. వీటన్నిటినీ ఇల్లాలు తారాదేవి సహించింది. కాని తెలుగు సంఘం పిక్నిక్కులో మాయమైన తంబోలా డబ్బాను ఆమె నలభై నిమిషాల్లో పట్టుకున్న నాటినుంచి ఆయన భార్యను కూడా అరువివ్వడం మొదలుపెట్టాడు. “మా ఆవిడ కనిపెట్టేస్తుంది, పంపిస్తాను” అని ఎవరికో మాటిచ్చేయడం, ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి నసగడం.

ఆ సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసునుంచి ఆయన నసిగిన సారాంశం ఇది. పుంగ్గోల్ పేటలోని క్లినిక్కులో మందులిచ్చే కల్పన ఏడుస్తూ ఫోన్ చేసింది. కృష్ణచైతన్య అనే సాఫ్ట్‌వేర్ మేనేజరు తల్లి సత్యవాణిగారు గురువారం తెల్లవారుజామున ఐదూ నలభైకి బాత్రూమ్ గుమ్మంలో పడిపోయింది. బీపీ రెండు వందల పది. “మాత్ర వేసుకునే మనిషి బీపీ ఇలా ఉండదు” అన్నాడు ఆస్పత్రి డాక్టరు. కాని క్లినిక్కు ఇచ్చిన ఇరవై ఎనిమిది రాత్రి మాత్రల్లో పదిహేడు రాత్రులకు పదిహేడూ తగ్గాయి. మనిషి వేసుకుంది, మందు పనిచెయ్యలేదు. కాబట్టి కల్పన తప్పుడు మందు ఇచ్చిందని కొడుకు కంప్లయింటు పెట్టాడు. కల్పనను ఉంచేదీ తీసేసేదీ సాయంత్రం ఆరింటికి చెబుతానని క్లినిక్కు డాక్టరు అన్నాడు. తీసేస్తే ఈ దేశంలో పనిచెయ్యడానికి ఆమెకిచ్చిన వర్క్ పాస్ పోతుంది. ఇంకో దేశంలో ఇంకో క్లినిక్కు ఈ మచ్చ చూసి ఉద్యోగమివ్వదు.

“మాత్రలు పరీక్షకు పంపలేదా?” అని అడిగింది తారాదేవి.

“రెండు పంపారట. రిపోర్టుకి పది రోజులు పడుతుందట.”

“అంటే ఆరింటి లోపల నేనే రిపోర్టునన్నమాట. అన్నం టేబుల్ మీద ఉంటుంది. పెరుగు మీరే తీసుకోండి.”

హౌగాంగ్‌లోని ఇంటినుంచి పుంగ్గోల్ వెళ్ళేసరికి ఒకటీ నలభై. కల్పన క్లినిక్కు వెనక గుమ్మంలో, మూత తియ్యని టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నిజామాబాదు పిల్ల. ముప్ఫై దాటలేదు.

“నేను మందు తప్పియ్యలేదక్కా. ఈ చేతులతోనే లెక్కబెట్టి ఏసిన. డాక్టర్ సార్ గూడ చెక్ చేసిండు.”

“పెద్దావిడతో నీకేమైనా మాటా మాటా వచ్చిందా?”

“లేదక్కా. మంచిగ మాట్లాడింది. ఆడ పంచాయితీ ఏం గాలే. కాని ఆ సాంబశివరావు అంకుల్ ఉన్నడు చూడు, ఆ పెద్దామె ఉండే బ్లాకులనే కూతురింటికి వచ్చిండు, పోలీసాయన. ఆయన నన్ను గంటసేపు నిలబెట్టి అడిగిండు. అసలు మందు దాచిపెట్టి సుద్దముక్కలు ఇచ్చినవా అన్నడు.”

“సుద్దముక్కలు బీపీ మాత్రల కంటే ఖరీదని ఆయనకు తెలీదు పాపం. రిజిస్టరు చూపించు.”

రిజిస్టరు శుభ్రంగా ఉంది. మూడో తారీఖు, సత్యవాణి, రెండు మందులు. పొద్దున ఒక గొట్టం మాత్ర, కడుపులో మంటకు. రాత్రి ఒక బిళ్ళ, బీపీకి. కింద డాక్టరు సంతకం. కల్పన బొటనవేలు మాత్రం పేజీ చివర కదలకుండా ఆగి ఉంది. తారాదేవి కాసేపు ఓపిక పట్టి, చివరికి ఆ వేలిని తనే మెల్లిగా పక్కకు జరిపింది. ‘ఆరో తారీఖు, పది యాభై. కొడుకు ఫోన్. మార్పు వద్దన్నారు.’

“ఏం మార్పు?”

“అది చెప్పనక్కా. మాట ఇచ్చిన.”

“నీ ఉద్యోగం పోతున్నా?”

“ఉద్యోగం పోతదని మాట తప్పుతమా?”

తారాదేవికి ఆ పిల్ల మీద కోపమూ గౌరవమూ ఒకేసారి కలిగాయి. ఏం చెయ్యాలో తోచక బల్ల మీది గొట్టం మాత్రనొకదాన్ని తీసి వెలుగుకు పెట్టి చూసింది. సగం తెలుపు, సగం లేత నారింజ. తడి వేలికి కొంచెం అంటుకుంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఇరవై నాలుగేళ్ళయినా, ఎముకలూ తోళ్ళూ ఉడకబెడితే వచ్చే జిగురు పేరు ఆమె మర్చిపోలేదు.

“సరే, నువ్వు చెప్పకు. నేను చెప్తాను. తప్పయితే అడ్డంగా తలూపు. ఆవిడ కౌంటరు దగ్గర ‘ఇందులో మాంసం గీంసం లేదు కదా’ అని అడిగింది. తెలియనిది చెప్పకూడదని మీ రూలు. నువ్వు కంపెనీకి రాసి కనుక్కున్నావు. గొట్టం జిలాటిన్.”

కల్పన తల కదల్లేదు.

“గొట్టం లేని మందు వేరే ఉంది, మారుస్తానని కొడుక్కి చెప్పావు. ఆయన వద్దన్నాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు.”

కల్పన కళ్ళు తుడుచుకుంది. “రాత్రి బిళ్ళ గురించి గూడ అడిగినక్కా. దాంట్ల పాలచక్కెర, మొక్కజొన్న పిండి. స్టియరేట్ అనేటిది ఒకటి ఉంటది. అది కొవ్వుతోని గూడ చేస్తరు, చెట్ల నూనెతోని గూడ చేస్తరు. దీంట్ల నూనెదే అని రాసిండ్రు. అది నిమ్మళంగ ఏసుకోవచ్చు.”

“అది నిక్షేపంగా వేసుకోదగిన మాత్ర. అదే పనిచెయ్యలేదంటున్నారు.” తారాదేవి లేచింది. బల్ల చివర రెండు చిన్న చుట్టలున్నాయి, గుండ్రటి స్టిక్కర్లవి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. “ఇవేమిటి?”

“ఇంగ్లీషు చదవరాని చైనా అవ్వలకు, మలయ్ అవ్వలకు. పచ్చది పొద్దటి మందు, ఎర్రది రాత్రి మందు. ఎవరికైనా అదే అతికిస్తం.”

“బాగుంది” అంది తారాదేవి. అప్పటికి అంతకంటే ఏమీ తోచలేదు.

మూడూ పదికి కృష్ణచైతన్య ఫ్లాటు తలుపు తీసింది సాంబశివరావు. నరసరావుపేటలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడు. పరాయి ఇంట్లో కూడా స్టేషన్లో నిలబడ్డట్టే నిలబడ్డాడు.

“ఓహో, సుధాకరరావుగారి మిసెస్సా! రండి. కేసు అయిపోయిందమ్మా. రిపోర్టు డ్రాఫ్టు రెండు పేజీలు వచ్చింది. మీరు కాఫీ తాగి వెళ్ళడమే.”

“కాఫీకే వచ్చానండీ. డ్రాఫ్టులో మోటివ్ ఏం రాశారు?”

“మోటివ్ అంటే... నిర్లక్ష్యం. ఈ కాలం పిల్లలకి అదే మోటివ్.”

“మరి సుద్దముక్కలు?”

“అవి ఇంటరాగేషన్లో వేసేవి. కాగితం మీద పెట్టం. చూడమ్మా, నాది ముప్ఫై మూడేళ్ళ సర్వీసు.”

“నాది ఇరవై నాలుగేనండీ. సెలవులు లేకుండా.”

ఆయన దగ్గాడు. “పెద్దావిడ మాత్ర పారేసిందేమో అనుకుని ఇల్లంతా సోదా చేశాను. పరుపు కింద, బియ్యం డబ్బాలో, ఫ్లష్ ట్యాంకులో. ఒక్క మాత్ర దొరికితే ఒట్టు!”

“వంటింట్లో చెత్త గొట్టం ఉంది కదా, తొమ్మిదంతస్తులు కిందికి పోతుంది.”

“అందులో వేసిందంటే రుజువు లేదు. రుజువు లేనిది జరగనట్టే.”

ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన సత్యవాణి సోఫాలో దుప్పటి కప్పుకుని కూచుంది. అరవై ఆరేళ్ళుంటాయి. మే నెలలో తెనాలినుంచి వచ్చింది. ఉల్లిపాయ తింటుంది కాని గుడ్డు పేరు నోటితో పలకదు, ‘అది’ అంటుంది. తారాదేవి పక్కన కూచుంది.

“పిన్నిగారూ, నేను తారాదేవిని. మీరు మందులు పారేస్తారా?”

“రామ రామ! మందు పారేస్తానా? మందూ అన్నం ఒకటే కదమ్మా. అంత కళ్ళు మూసుకుపోయి లేను.”

ఆ జవాబు పోలీసు చెవికి నిర్దోషిత్వంగా వినిపించింది. ఇల్లాలి చెవికి సగం జవాబుగానే వినిపించింది. పారేయలేదంది. వేసుకున్నానని అనలేదు.

“మీ మందులు ఒకసారి చూస్తాను. ఎక్కడున్నాయి?”

“పచ్చ చుక్కది వంటింట్లో ఉంది, పొడుల డబ్బా పక్కన. ఇంకోటి ఆ టెలిఫోన్ బల్ల మీద.”

టెలిఫోన్ బల్ల వీధి తలుపుకు జానెడు దూరంలో ఉంది. తారాదేవి ఉన్న చోటే ఉండి, “కాస్త అందుకుంటారా?” అంది. సత్యవాణి లేచి వెళ్ళి, పాత పేపరు మడత అంచుతో ఆ ప్లాస్టిక్ సంచీని ఇటు తోసింది. సంచీ మీద ఎర్ర చుక్క. తోసి, బాత్రూములోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది.

“చూశారా?” అంది తారాదేవి సాంబశివరావుతో.

“ఏం చూడాలి? ఆవిడకి శుభ్రత ఎక్కువ.”

ఒకే క్లినిక్కు, ఒకే రోజు ఇచ్చిన రెండు సంచీలు. ఒకటి వంటింట్లో, ఒకటి గుమ్మం దగ్గర ఎందుకు కాపురముంటాయి? తారాదేవి వంటింట్లోకి వెళ్ళింది. అలమరలో కందిపొడి, కారప్పొడి, ఇండియానుంచి తెచ్చిన బిస్కట్లు, సేమ్యా. ప్రతి పొట్లం మూల చిన్న చదరం, అందులో ఆకుపచ్చ చుక్క. శాకాహారమని ఇండియా ప్రభుత్వం కొన్నేళ్ళుగా వేయిస్తున్న గుర్తు. మాంసాహారమైతే ఎర్రటిది, సరిగ్గా చెప్పాలంటే ఇటుకరంగుది. ఆ పొట్లాల వరసలో, అక్కాచెల్లెళ్ళ మధ్య చేరిన ఆడపడుచులా, గొట్టం మాత్రల సంచీ. దాని మీద కూడా గుండ్రటి పచ్చ చుక్క.

తారాదేవి ఆ చుక్కనూ పక్క పొట్లం మీది చుక్కనూ కలిపి చూసింది. నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు పోయింది. ఈవిడ ఈ దేశం వచ్చిన రెండు నెలలనుంచి ప్రతి పొట్లాన్నీ తిప్పి తిప్పి చూసి, ఎక్కడా చుక్క లేక కిందపెట్టేసి ఉంటుంది. చివరికి ఒక క్లినిక్కులో కనిపించింది, ఎంతో తెలిసిన చుక్క.

“సాంబశివరావుగారూ, ఈ ఇంట్లోకి వచ్చేటప్పుడు చెప్పులు ఎక్కడ విప్పారు?”

“బయట, రాక్‌లో. అందరూ విప్పే చోటే.”

“దాన్ని సోదా చేశారా?”

“చెప్పుల స్టాండునా? మందులు అక్కడెవరు పెడతారమ్మా?”

“వాటిని మందులనుకున్నవాళ్ళు పెట్టరు. మాంసమనుకున్నవాళ్ళు వంటింట్లో పెట్టలేరు, పడకగదిలో పెట్టలేరు, దేవుడి అలమర ఉన్న హాల్లో సంచీనే గుమ్మం దాకా నెట్టారు. మందు కాబట్టి పారెయ్యనూ లేరు. ఇక గడపకు బయట మిగిలింది అదొక్కటే.”

కారిడార్‌లో చెప్పుల రాక్ అడుగు అరలో, కృష్ణచైతన్య పాత బూట్ల డబ్బా. మూత తీస్తే వరసగా పేర్చిన చిన్న చిన్న పొట్లాలు. చైనీస్ కిరాణా కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చే క్యాలెండరుంటుంది, రోజుకో కాగితం చింపేది. ఏ రోజు కాగితంలో ఆ రోజు మాత్ర చుట్టి ఉంది. తారాదేవి తారీఖులు చదువుతూ ఒక్కొక్కటే గోడ వెంట పెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది... చివరిది పంతొమ్మిది. పద్నాలుగు పొట్లాలు, పద్నాలుగు తెల్ల బిళ్ళలు.

సాంబశివరావు గొంతుక్కూచుని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. “అయితే మొదటి మూడు రాత్రులూ వేసుకుంది.”

“వేసుకుంది. ఆరో తారీఖునుంచి మానేసింది. ఆ రోజు ఏం జరిగింది?”

గుమ్మంలోనుంచి సత్యవాణి గొంతు వినిపించింది. “ఆ రోజు తొలి ఏకాదశమ్మా.”

ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది. దొంగతనం బయటపడ్డ మనిషిలా లేదు. ఒప్పగించవలసినది ఒప్పగించి ఊపిరి పీల్చుకున్నట్టుంది.

“పదకొండింటికి పూజలో కూచుంటే అనుమానమొచ్చింది. ఉపవాసం రోజున కడుపులోకి ఏం వెళ్తోందో తెలుసుకోవద్దూ? ఆ కౌంటరు పిల్ల కనుక్కుంటానంది, మళ్ళీ చెప్పలేదు. చైతన్యకి ఆఫీసుకి ఫోన్ చేశాను. పదకొండున్నర లోపే. మీటింగులో ఉన్నాడట. ‘ఒరే, నా మందుల్లో మాంసముందా’ అంటే, ‘చుక్క చూసుకో అమ్మా, చుక్క ప్రకారం వేసుకో’ అన్నాడు. చుక్కంటే ఏమిటో నాకు తెలీదూ! ఎర్ర చుక్కది మానేశాను. నాలుగు వారాలయ్యాక క్లినిక్కుకి తిరిగిచ్చేస్తే, తినేవాళ్ళెవరైనా వేసుకుంటారని దాచాను.”

“మరి రోజుకొకటి సంచీలోంచి ఎందుకు తీశారు?” అన్నాడు సాంబశివరావు.

“మావాడు ఆదివారం ఆదివారం లెక్క చూస్తాడు బాబూ. మానేశానంటే మీటింగు మానుకుని వచ్చి కూచుంటాడు. పైగా పొరపాటున మాంసమున్న మందు కొనిచ్చాడని వాడికి తెలిస్తే బాధపడడూ?”

కృష్ణచైతన్య ఆఫీసునుంచి వచ్చేసరికి నాలుగూ యాభై. మెడలో బ్యాడ్జీ ఇంకా వేలాడుతోంది. పొట్లాలు, స్టిక్కర్లు, తల్లి చెప్పిన మాట, అన్నీ తారాదేవి చెబుతుంటే మొదట నమ్మలేదు, తర్వాత విసుక్కున్నాడు.

“ఆంటీ, నేను చెప్పింది టైమింగ్స్ గురించి. గ్రీన్ మార్నింగ్, రెడ్ నైట్. క్లినిక్కులోనే చెప్పారు. అమ్మ తప్పుగా అర్థం చేసుకుంటే అది సింపుల్ మిస్‌కమ్యూనికేషన్. కంప్లయింటు వెనక్కి తీసుకుంటాను. క్లోజ్ చేద్దాం.”

“ఆవిడ అడిగింది టైము గురించి కాదుగా, చైతన్యా.”

అతను బ్యాడ్జీ తాడు వేలికి చుట్టుకున్నాడు.

“ఆ పొద్దున పది యాభైకి నువ్వు క్లినిక్కుకి ఫోన్ చేశావు. పదకొండున్నర లోపల అమ్మ నీకు చేసింది. ఈ రెంటికీ మధ్య నలభై నిమిషాలు కూడా లేవు. ఆవిడ అడిగినదానికి జవాబు అప్పటికే నీ దగ్గరుంది.”

“నాకు అర్థం కావట్లేదు” అన్నాడు సాంబశివరావు. జీవితంలో మొదటిసారి బల్లకు ఇవతలి వైపు కూచున్న మనిషిలా అందరి మొహాలూ చూశాడు.

సత్యవాణి కొడుకు మొహమొక్కటే చూస్తోంది. తారాదేవి అక్కడితో ఆగింది. రిజిస్టరులో లైను చదివి వినిపిస్తే కేసు నిమిషంలో తేలిపోతుంది. కాని ఈవిడ పదిహేడు రోజులు దేవుడి ముందు నుంచుని మింగినదేమిటో పరాయి మనిషి నోట వినడమెందుకు? ఇంతటితో వదిలేస్తే మాత్రం ఎవరికి నష్టం? కంప్లయింటు పోతుంది, కల్పన ఉద్యోగం దక్కుతుంది. ‘చెప్పకపోతే ఎవరికి నష్టం’ అన్న ఈ లెక్కే కదా ఇతనూ ఆ రోజు వేసుకున్నాడు.

“మిగతాది చెప్పాల్సింది నేను కాదు” అంది తారాదేవి. “టైము ఐదూ పది.”

కృష్ణచైతన్య బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాడు. తల్లి కాళ్ళ దగ్గర కూచున్నాడు.

“అమ్మా, నువ్వు తిరగేశావు. ఎర్రదే నీకు సరిపోయేది. పచ్చదాని గొట్టం... అది పశువుల ఎముకల జిగురుతో చేస్తారట. కల్పన నాకు చెప్పింది. వేరేది మారుస్తానంది. నేనే వద్దన్నాను. నీకు చెప్పొద్దన్నాను.”

సత్యవాణి చేయి నోటి దగ్గరకు వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది.

“ఎన్ని రోజులు?”

“పదిహేడు.”

“ఎందుకు రా?”

“మళ్ళీ డాక్టరు, మళ్ళీ అపాయింట్‌మెంటు, నువ్వు మందే మానేస్తానంటావని. ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది. తెలియకపోతే నీకే హాయనుకున్నాను.”

ఆవిడ కోప్పడుతుందని ఎదురుచూసినట్టున్నాడు సాంబశివరావు, కొంచెం వెనక్కి జరిగాడు. ఆవిడ కోప్పడలేదు.

“నీకు ఐదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి చిక్కి సగమైపోయావు. డాక్టరు ‘అది’ పెట్టమన్నాడు. పాలల్లో కొట్టి, ఈ చేత్తోనే తాగించాను. నెల రోజులు. ఎందుకో తెలుసా? ఆ డాక్టరు నన్ను కూచోబెట్టి, ఇదమ్మా సంగతి, నీ ఇష్టమన్నాడు. ఒక రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నాను. నన్ను అడిగితే ఇప్పుడూ ఒప్పుకునేదాన్నేమో. మానేసేదాన్నేమో కూడా. ఏదైనా నేను చేసేదాన్ని కదరా. నువ్వు నన్ను అడగనేలేదు.”

సాంబశివరావు డ్రాఫ్టు మడిచి జేబులో పెట్టుకుంటూ తారాదేవి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “రెండు పేజీలు కష్టపడి రాశానమ్మా. ముద్దాయి పేరు మారిస్తే పనికొస్తుందంటారా?”

“ఇంకెక్కడైనా పనికొస్తుంది, దాచుకోండి.”

ఐదూ ముప్ఫైకి కృష్ణచైతన్య క్లినిక్కు నంబరు నొక్కాడు. డాక్టరు ఎత్తాడు. కంప్లయింటు వెనక్కి తీసుకుంటున్నానని ఇంగ్లీషులో, ఆఫీసు మర్యాదతో చెప్పాడు. మిస్‌అండర్‌స్టాండింగ్ అన్న మాట రెండుసార్లు వాడాడు. థాంక్యూ అని పెట్టెయ్యబోయాడు.

“పెట్టకు” అంది సత్యవాణి. “ఆ పిల్లనివ్వమను.”

“అమ్మా, డాక్టరుకి చెప్పేశాను కదా.”

“డాక్టరు మీద పెట్టావా కంప్లయింటు?”

స్పీకరులోంచి బెదురుగా “హలో” వినిపించింది. కృష్ణచైతన్య ఫోన్‌ను నోటికి దగ్గరగా పట్టుకుని ఏదో గొణిగాడు.

“వినపడ్తలేదు సార్” అంది కల్పన.

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ సాయం చెయ్యలేదు. ఫోన్‌ను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, గదిలో ఉన్న ముగ్గురికీ వినపడేలా అన్నాడు.

“మందు నువ్వు సరిగ్గానే ఇచ్చావు కల్పనా. నిజం దాచమన్నది నేను. నీ మీద నింద వేసింది కూడా నేనే. తప్పు నాది.”